అంగారకుడి మట్టిలో వేడి ఎలా కదులుతుంది? కొలిచిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

సూదిమొన (జయనగర, బెంగళూరు) · శనివారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. నేను ఇక్కడి ఒక కళాశాలలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మట్టి ఉష్ణ వాహకతను, అంటే మట్టి గుండా వేడి ఎంత సులభంగా పోతుందో చెప్పే గుణాన్ని, కొలవడం నా ప్రాజెక్టు. ఎస్‌.పి. రోడ్డులో కొన్న నిక్రోమ్ తీగనూ (ఇది హీటరు), ఉష్ణోగ్రతను కొలిచే ఒక చిన్న థర్మిస్టర్‌నూ 10 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు గొట్టంలో అమర్చి ఒక సూదిని తయారు చేసుకున్నాను. దానికి అర వాటు విద్యుత్తు ఇచ్చి, ఉష్ణోగ్రత పెరుగుదలను సమయపు సంవర్గమానానికి ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు ఎంత తక్కువగా ఉంటే మట్టి వేడిని అంత వేగంగా లాగేసుకుంటున్నదని అర్థం.

నా ఇబ్బంది ఇది. బాగా ఎండబెట్టిన ఎర్రమట్టిని ఒక కుండీలో నింపి సూది గుచ్చాను. 30వ సెకను నుంచి 300వ సెకను వరకు ఉష్ణోగ్రత 3.4 డిగ్రీలు పెరిగింది. లెక్క వేస్తే వాహకత మీటరుకు, కెల్విన్‌కు 0.27 వాట్లు వచ్చింది. సూదిని తీసి, చల్లారనిచ్చి, మళ్లీ గుచ్చితే పెరుగుదల 2.4 డిగ్రీలే, అంటే వాహకత 0.38. మూడోసారి 0.31 వచ్చింది. కుండీ అదే, మట్టి అదే, మూడూ ఒకే మధ్యాహ్నం చేసిన కొలతలు.

ఆ రాత్రే నాసా పంపిన ఇన్‌సైట్ నౌక అంగారకుడి మట్టిలో కొలిచిన వాహకత గురించి చదివాను. 0.039, అందులో దోషం 0.002 మాత్రమే. నా చేతికి అందే మట్టిలోనే మూడు అంకెలు వస్తున్నప్పుడు, ఎవరూ దగ్గర నిలబడి సర్దలేని చోట అంత చిన్న దోషంతో ఎలా చెప్పగలిగారు? నా సూదిలో లోపమా, నా పద్ధతిలో లోపమా, లేక ఆ 0.002 అనే అంకెను నేనే తప్పుగా అర్థం చేసుకుంటున్నానా?

భూగర్భతీగ (రాజాజీనగర, బెంగళూరు) · శనివారం, ఉదయం 9.15

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో భూమిలో విద్యుత్ కేబుళ్లు వేసే పనిలో ఉండి రిటైరయ్యాను. నువ్వు చేస్తున్న పనిని మేము థర్మల్ రెసిస్టివిటీ టెస్టు అనేవాళ్లం. కేబుల్‌లో పుట్టే వేడిని చుట్టూ ఉన్న మట్టి లాగేసుకోకపోతే ఇన్సులేషన్ దెబ్బతింటుంది కాబట్టి, కందకం తవ్వే ముందే సూది గుచ్చి చూసుకోవాలి. మేము వాడేది నీ అంకెకు విలోమం. మట్టి నిరోధం 1.5 దాటిందంటే కేబుల్ చుట్టూ వేరే మట్టి నింపాల్సి వచ్చేది. నీ అంగారకుడి మట్టి 0.039 అంటే నిరోధం 25కు పైనే. అలాంటి మట్టిలో ఏ కేబులూ నిలవదు.

ఇక నీ మూడు అంకెల విషయం. నీ సూది మంచిదే అనిపిస్తోంది. రెండోసారి గుచ్చినప్పుడు సూది కొత్త మట్టిలోకి పోలేదు. మొదటిసారి అది పక్కకు నెట్టి, నొక్కి పెట్టిన మట్టిలోకి పోయింది. నొక్కిన మట్టిలో రేణువులు ఒకదానికొకటి గట్టిగా ఆనుకుని ఉంటాయి కాబట్టి వేడి సులభంగా దాటుతుంది. మూడోసారి రంధ్రం కాస్త వదులై సూదికీ మట్టికీ మధ్య సన్నని గాలిపొర మిగిలి ఉండవచ్చు. మా పనిలో ఒక నియమం ఉండేది: ఒకసారి సూది దిగిన రంధ్రంలో మళ్లీ కొలత తీయకూడదు, కనీసం జానెడు దూరం జరగాలి. గుచ్చిన వెంటనే హీటర్ వేయకూడదు, రాపిడికి పుట్టిన వేడి సర్దుకునే దాకా ఆగాలి.

కుండీ గోడల గురించి బెంగపడకు. 300 సెకన్లలో వేడి ఎండుమట్టిలో సెంటీమీటరున్నర దూరం మాత్రమే పోతుంది.

అరుణగ్రహం (మారతహళ్లి, బెంగళూరు) · శనివారం, మధ్యాహ్నం 12.30

సూదిమొన గారూ, ఇన్‌సైట్ కథను కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు ఆ పరికరం ఎక్కడ ఆగిపోయిందన్న దానిలోనే ఉంది.

ఇన్‌సైట్ 2018 మే 5న బయలుదేరి, అదే ఏడాది నవంబరు 26న ఎలీసియం ప్లానిషియా అనే మైదానంలో దిగింది. దానిలో జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్‌ఆర్ తయారు చేసిన ఒక పరికరం ఉంది. దాని ముఖ్య భాగం దాదాపు 40 సెంటీమీటర్ల పొడవు, 27 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కడ్డీ. నేలను తవ్వుకుంటూ పోయే ఒక చిన్న జంతువు పేరు మీద దాన్ని మోల్ అన్నారు. దాని లోపలే ఒక సుత్తి ఉంటుంది. సుత్తి దెబ్బకు కడ్డీ కిందికి దిగుతూ, ఉష్ణోగ్రత సెన్సర్లున్న పట్టీని తన వెంట 3 నుంచి 5 మీటర్ల లోతుకు లాక్కుపోవాలన్నది సంకల్పం.

2019 ఫిబ్రవరి 28న సుత్తి పని మొదలుపెట్టింది. 30 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. సుత్తి కొట్టిన ప్రతిసారీ కడ్డీ వెనక్కి ఎగరకుండా చుట్టూ ఉన్న మట్టి రాపిడితో పట్టి ఉంచాలి. వదులు ఇసుక అయితే కడ్డీ చుట్టూ జారి కూలి, ఆ పట్టు ఇచ్చేది. అక్కడి పైపొర మాత్రం గట్టిపడిన మట్టి, అది జారకుండా కడ్డీ చుట్టూ గుంటగా నిలబడిపోయింది. దాదాపు రెండేళ్ల పాటు యంత్రహస్తపు పారతో పక్క నుంచి అదిమి, పై నుంచి నొక్కి ప్రయత్నించారు. 2019 అక్టోబరులో ఒక దశలో అది సగం బయటికి కూడా వచ్చేసింది. 2021 జనవరి 9న చివరి 500 దెబ్బలు కొట్టి, ముందుకు కదలలేదని తేలాక ఆ ప్రయత్నాన్ని ముగించారు. అప్పటికి కడ్డీ పై కొన నేలమట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల కిందే ఉంది.

అయితే ఆ కడ్డీ ఒంటిపైనే హీటర్లు ఉన్నాయి, అవే ఉష్ణోగ్రతను కూడా చెప్పగలవు. అంటే పూర్తిగా మట్టిలో కూరుకున్న ఆ కడ్డీ మీ సూది లాంటిదే, కాకపోతే చాలా లావు. మీ సూది వ్యాసార్ధం 1 మిల్లీమీటరు కాబట్టి అది తన సొంత మందాన్ని కొన్ని సెకన్లలో మరచిపోయి సన్నని గీతలా ప్రవర్తిస్తుంది. మోల్ వ్యాసార్ధం 13 మిల్లీమీటర్లకు పైన, పైగా మట్టి వేడిని మోసే వేగం అతి తక్కువ. వ్యాసార్ధపు వర్గాన్ని విసరణ గుణకంతో (మట్టిలో వేడి ఎంత వేగంగా వ్యాపిస్తుందో చెప్పే అంకె) భాగిస్తే దాదాపు ఒక గంట వస్తుంది. అందుకే వాళ్లు నిమిషాల పాటు కాకుండా దాదాపు ఒక రోజంతా వేడిచేశారు. ఆ రోజులో పగలూ రాత్రీ వచ్చే సహజమైన ఒడిదుడుకులను, వేడిచేయని రోజుల్లో నమోదు చేసిన ఉష్ణోగ్రతల సహాయంతో తీసివేశారు. పొడవు మందానికి పదిహేను రెట్లే కాబట్టి సరళరేఖ సూత్రం సరిపోదు, కంప్యూటర్‌లో కడ్డీ నమూనాను మొత్తం కట్టి పోల్చుకోవలసి వచ్చింది.

ఆ 0.039 అనేది నేలకు 3 సెంటీమీటర్ల నుంచి 37 సెంటీమీటర్ల లోతు వరకు ఉన్న పొరకు సగటు. 0.002 అనే దోషం ఆ కడ్డీ చుట్టూ ఉన్న ఆ మట్టిని ఎంత నిశ్చయంగా కొలిచారో చెబుతుంది. మూడు అడుగుల అవతల మరొక కడ్డీ దింపితే ఏమి వచ్చేదో అది చెప్పదు. మీ మూడు అంకెల మధ్య ఉన్న తేడా రెండో రకానికి చెందినదని నా అభిప్రాయం.

ప్రశ్నార్థకం (వైట్‌ఫీల్డ్, బెంగళూరు) · శనివారం, సాయంత్రం 4.05

ఒక విషయంలో నాకు అభ్యంతరం ఉంది, మర్యాదగానే చెబుతున్నాను. 5 మీటర్లు దిగవలసినది అర మీటరు కూడా దిగకపోతే దాన్ని విఫలమనే అనాలి. ఆ తర్వాత ఏదో ఒక అంకె వచ్చిందని దాన్ని విజయంగా చెప్పుకుంటే, విద్యార్థులకు మనం తప్పు నేర్పిస్తున్నట్టు అవుతుంది. ఆ పరికరాన్ని పంపింది ఏ ప్రశ్న కోసమో, ఆ ప్రశ్నకు జవాబు వచ్చిందా, రాలేదా? సూటిగా చెప్పండి.

అరుణగ్రహం (మారతహళ్లి, బెంగళూరు) · శనివారం, రాత్రి 9.50

రాలేదు. మీ అభ్యంతరం సరైనదే, నేను విజయమని అనలేదు కానీ రెండు ప్రశ్నలను విడదీసి చెప్పి ఉండవలసింది.

ఉష్ణ వాహకత మట్టి గుణం. ఉష్ణ ప్రవాహం గ్రహం గుణం, అంటే గ్రహం లోపలి నుంచి ప్రతి చదరపు మీటరు గుండా ఎంత వేడి బయటకు వస్తోందన్నది. ఫూరియే 1822లో ప్రచురించిన సూత్రం ప్రకారం ప్రవాహం తెలియాలంటే వాహకతను, లోతుకు పోయేకొద్దీ ఉష్ణోగ్రత పెరిగే రేటుతో గుణించాలి. గుణించవలసిన రెండింటిలో ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు.

అది పైపైన ఎందుకు దొరకదో లెక్క వేసి చూద్దాం. వాహకత 0.039, సాంద్రత ఘనమీటరుకు సుమారు 1,200 కిలోలు, విశిష్టోష్ణం 630 అనుకుని లెక్కవేస్తే వచ్చే ఫలితాన్నే చెబుతాను. పగలు రాత్రుల వల్ల పుట్టే ఉష్ణ తరంగం అంగారకుడి మట్టిలో ప్రతి 4 సెంటీమీటర్లకు మూడో వంతుకు కాస్త పైన మిగిలేంతగా తగ్గుతుంది. అక్కడి ఏడాది దాదాపు 669 అంగారక దినాలు. తరంగం చొచ్చుకుపోయే లోతు కాలవ్యవధి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఋతువుల తరంగం అదే విధంగా తగ్గడానికి దాదాపు 1 మీటరు కావాలి. అంటే 3 మీటర్ల దగ్గర ఋతువుల ఒడిదుడుకు 5 శాతం, 5 మీటర్ల దగ్గర ఒక శాతం కన్నా తక్కువ మిగులుతుంది.

గ్రహం లోపలి నుంచి చదరపు మీటరుకు 20 మిల్లీవాట్లు వస్తున్నాయనుకుందాం. ఇదే వాహకత లోతున కూడా ఉంటే, మీటరుకు అర డిగ్రీ చొప్పున ఉష్ణోగ్రత పెరగాలి. నేలపై రోజూ ఎనభై డిగ్రీలకు పైగా ఊగే చోట, 30 సెంటీమీటర్ల లోతులో కూర్చుని మీటరుకు అర డిగ్రీని వెతకడం సాధ్యం కాదు. ఆ 3, 5 మీటర్ల లక్ష్యం వెనుక ఉన్నది ఈ లెక్కే.

నిర్వాహకుడు · ఆదివారం, ఉదయం 6.30

అంతరిక్ష కార్యక్రమాల ఖర్చు గురించి వచ్చిన రెండు సందేశాలను వేరే చర్చకు మార్చాను. ఈ చర్చ మట్టి, వేడి, కొలత అనే మూడింటి మీదే సాగితే అందరికీ ఉపయోగం.

వెండిమబ్బు (కె.ఆర్. పురం, బెంగళూరు) · ఆదివారం, ఉదయం 10.10

నేను ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. నా సందేహం చాలా ప్రాథమికమైనది, క్షమించండి. సూదిమొన గారి ఎండుమట్టి 0.27, అంగారకుడి మట్టి 0.039. రెండూ రాయి పొడే కదా? ఇనుము కలిసిన ఎర్రని దుమ్మే కదా? ఏడు రెట్లు తేడా ఎందుకు రావాలి? 0.039 అంటే మన ఇళ్లలో టీవీ పెట్టెల్లో వచ్చే థర్మకోల్‌కు దగ్గరి విలువ అని పిల్లలకు చెబితే వాళ్లు నమ్మరు.

మర్రిచెట్టు (హోసకోటె) · ఆదివారం, సాయంత్రం 6.45

వెండిమబ్బు గారూ, ఇది ప్రాథమికమైన ప్రశ్నే కానీ మొత్తం విషయానికి ఇదే కేంద్రం. నేను భూగర్భశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నదాన్ని, తరగతిలో చెప్పినట్టే చెబుతాను.

మట్టి అంటే రేణువులు, వాటి మధ్య ఖాళీలు. వేడి ఒక రేణువు నుంచి పక్క రేణువుకు పోవడానికి మూడు దారులు ఉన్నాయి. రెండు రేణువులు తాకుతున్న చోటు మొదటిది. అది సూదిమొనంత చిన్నది కాబట్టి, రాయి ఎంత మంచి వాహకమైనా ఆ ఇరుకు దగ్గర వేడి ఆగిపోతుంది. ఖాళీలో ఉన్న వాయువు రెండో దారి. ఖాళీని దాటి ఒక రేణువు మరో రేణువు మీదికి వెదజల్లే వికిరణం మూడోది, చల్లని చోట్ల దీని వాటా స్వల్పం. భూమి మీద ఎండిన మట్టిలో కూడా చాలా వేడిని మోసేది గాలే. నీరు చేరితే తాకిడి బిందువుల చుట్టూ నీటి పొర వంతెన కడుతుంది, వాహకత ఒక్కసారిగా పెరుగుతుంది. మన సూదిమొన ఆ కుండీకి నీళ్లు పోసి చూస్తే అంకె మూడు నాలుగు రెట్లు కావడం ఆమెకే కనబడుతుంది.

ఇప్పుడు అంగారకుడికి వెళ్దాం. అక్కడి వాతావరణం దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే, పీడనం మన పీడనంలో నూరో వంతుకన్నా తక్కువ. మామూలు పీడనంలో వాయువు వాహకత పీడనం మీద ఆధారపడదు. అణువులు తగ్గితే మోసేవాళ్లు తగ్గుతారు, కానీ ఒక్కొక్కటీ ఢీకొనకుండా పోయే దూరం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, రెండూ సరిపోతాయి. అయితే ఆ దూరం మట్టి రంధ్రం పరిమాణానికి చేరగానే ఈ సర్దుబాటు ఆగిపోతుంది. అంగారకుడి పీడనంలో అది సుమారు మిల్లీమీటరులో నూరో వంతు, అంటే సన్నని మట్టిలోని ఖాళీల పరిమాణమే. అణువు మరో అణువును కలవకముందే గోడను తాకుతుంది. అప్పటి నుంచి పీడనం తగ్గినకొద్దీ వాహకత తగ్గుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. అంగారకుడిపై చలికాలంలో ధ్రువం దగ్గర వాతావరణంలో కొంత భాగం మంచుగా గడ్డకట్టి నేల మీద పడుతుంది, అందువల్ల గ్రహం అంతటా పీడనం ఏడాది పొడవునా పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఇన్‌సైట్ బృందం అదే కడ్డీతో అంగారక సంవత్సరం పొడవునా పదే పదే కొలిచి, వాహకత పీడనంతో పాటే పెరిగి తగ్గుతున్నదని చూసింది. ఒక గ్రహం ఊపిరి తీస్తే ఆ కదలిక దాని మట్టి గుణంలో కనబడింది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యం తగ్గదు.

చంద్రుడి మీద రెండో దారి పూర్తిగా మూసుకుపోతుంది. అందుకే అక్కడి అంకెలు ఇంకా చిన్నవి.

సూదిమొన (జయనగర, బెంగళూరు) · సోమవారం, రాత్రి 10.20

మేడమ్, నీళ్లు పోసి చూశాను. 0.27 కాస్తా 0.94 అయింది.

అయితే భూగర్భతీగ గారు చెప్పిన మాట నన్ను వదలడం లేదు. సూది గుచ్చగానే మట్టి మారిపోతే, నేను కొలుస్తున్నది ఎప్పుడూ సూది చేత మారిన మట్టినే. అంగారకుడి మీదైతే నెలల తరబడి సుత్తితో కొట్టారు. తాకకముందు ఆ మట్టి ఎలా ఉండేదో తెలుసుకునే మార్గం అసలు ఉందా?

మర్రిచెట్టు (హోసకోటె) · మంగళవారం, ఉదయం 8.00

ఈ ప్రశ్న యాభై ఏళ్ల కిందటే ఒకరిని వేధించింది. అపోలో యాత్రల్లో చంద్రుడి ఉష్ణ ప్రవాహ ప్రయోగానికి మార్కస్ లాంగ్‌సెత్ నాయకత్వం వహించారు. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ డ్రిల్లుతో రంధ్రాలు చేసి, వాటిలో దించిన బోలు గొట్టాల్లో ఉష్ణోగ్రత కడ్డీలను ఉంచారు. డ్రిల్లు మొరాయించడంతో అనుకున్న లోతు అందలేదు. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 యాత్రలో జాన్ యంగ్ కాలికి కేబుల్ తగిలి తెగిపోవడంతో అక్కడి ప్రయోగమే పోయింది. అదే ఏడాది డిసెంబరులో అపోలో 17 యాత్రలో కడ్డీలు రెండు మీటర్లకు పైగా దిగాయి.

కడ్డీలకు చిన్న హీటర్లు ఉన్నాయి. వాటితో వాహకత కొలిచి, రెండు స్థలాల్లో ప్రవాహం చదరపు మీటరుకు 31, 28 మిల్లీవాట్లని మొదట ప్రకటించారు. కొన్నేళ్ల పాటు ఉష్ణోగ్రతలు వస్తూనే ఉండడంతో, సూర్యుడి వార్షిక తరంగం మట్టిలోకి ఎంత వేగంగా, ఎంత తగ్గుతూ దిగుతున్నదో లాంగ్‌సెత్‌కు కనిపించింది. ఆ తరంగం చెప్పిన వాహకత హీటరు చెప్పినదాని కన్నా తక్కువ. కారణం మన భూగర్భతీగ గారు చెప్పినదే: డ్రిల్లు గొట్టం చుట్టూ మట్టిని నొక్కేసింది. హీటరు కొన్ని సెంటీమీటర్ల లోపలి ఆ నొక్కిన మట్టినే చూస్తుంది, సూర్యుడి తరంగం మాత్రం విశాలమైన చెదరని మట్టి గుండా వస్తుంది. 1976లో ఆయన తన సొంత అంకెలనే సవరించి 21, 16 అని ప్రకటించారు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. కడ్డీలు పెట్టిన తర్వాత ఆ ప్రాంతం మెల్లగా వేడెక్కుతూ వచ్చింది. చాలా కాలం కారణం తెలియలేదు. పాత టేపులను వెతికి తీసి 2018లో ప్రచురించిన ఒక పరిశోధన, వ్యోమగాముల అడుగులు, వాహనపు చక్రాలు పైనున్న లేతరంగు మట్టిని చెదరగొట్టి కింది ముదురు మట్టిని పైకి తేవడంతో అది ఎక్కువ ఎండను పీల్చుకున్నదని వివరించింది. కొలవడానికి నడిచి వెళ్లడం కూడా కొలతను మార్చింది.

కాబట్టి అమ్మాయీ, తాకకుండా కొలిచే మార్గం ఉంది. ఎండే నీ హీటరు.

అరుణగ్రహం (మారతహళ్లి, బెంగళూరు) · మంగళవారం, మధ్యాహ్నం 1.40

మేడమ్ చెప్పినదానికి ఒక చేర్పు. కక్ష్య నుంచి చేసేది కూడా ఇదే. మార్స్ గ్లోబల్ సర్వేయర్, మార్స్ ఒడిస్సీ నౌకలు నేల పగలు ఎంత వేడెక్కుతుందో, రాత్రి ఎంత చల్లబడుతుందో పరారుణ కిరణాలతో చూసి ఉష్ణ జడత్వపు పటాలు తయారు చేశాయి. జడత్వమంటే వాహకత, సాంద్రత, విశిష్టోష్ణం మూడింటి లబ్ధానికి వర్గమూలం. రాయి రాత్రంతా వెచ్చగా ఉంటుంది, దుమ్ము సాయంత్రానికే చల్లారిపోతుంది. ఇన్‌సైట్ అంకెలతో లెక్కవేస్తే దాదాపు 170 వస్తుంది.

ఇంకా అందమైన విషయం ఒకటుంది. ఇన్‌సైట్‌లో నేల వెదజల్లే పరారుణ కిరణాలను కొలిచే రేడియోమీటరు, అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ సూర్యుడికి అడ్డం వచ్చినప్పుడు కూడా నేల ఉష్ణోగ్రతను చూసింది. ఆ నీడ అర నిమిషం పాటే ఉంటుంది. అంత తక్కువ సమయంలో చలి మిల్లీమీటరు లోతు దాటదు కాబట్టి, ఆ చిన్న తగ్గుదల పై దుమ్ముపొర గుణాన్ని విడిగా చెప్పింది. నీడ ఎంతసేపు ఉంటే అంత లోతు కనబడుతుంది.

భూగర్భతీగ (రాజాజీనగర, బెంగళూరు) · మంగళవారం, రాత్రి 8.30

అమ్మా, కుండీ వదిలెయ్యి. మర్రిచెట్టు గారి ఊళ్లోనే మాకు ఒక ఖాళీ స్థలం ఉంది, మూడేళ్లుగా ఎవరూ తవ్వలేదు. అక్కడ చిన్న గుంట తీసి, గుంట పక్క గోడలోకి అడ్డంగా సెన్సర్లు గుచ్చు. పై నుంచి గుచ్చితే ఆ దారినే వేడి దిగుతుంది. 5 సెంటీమీటర్లకు ఒకటి, 15 సెంటీమీటర్లకు ఒకటి చాలు. గుంటను అదే మట్టితో, అదే వరుసలో పూడ్చు. ఉగాదిలోపు పెడితే నేల పొడిగా ఉంటుంది. మామిడి జల్లులు మొదలైతే నీరు వేడిని మోసుకుపోయి లెక్క పాడవుతుంది.

ప్రశ్నార్థకం (వైట్‌ఫీల్డ్, బెంగళూరు) · బుధవారం, ఉదయం 7.15

నాకు కావలసిన స్పష్టత దొరికింది, ధన్యవాదాలు. మరి మన చంద్రయాన్-3 సంగతి? అక్కడ కడ్డీ దిగిందని గుర్తు.

అరుణగ్రహం (మారతహళ్లి, బెంగళూరు) · బుధవారం, రాత్రి 11.00

దిగింది. విక్రమ్‌లోని చాస్టే పరికరాన్ని తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి (వీఎస్‌ఎస్‌సీ) చెందిన అంతరిక్ష భౌతిక ప్రయోగశాల, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనా ప్రయోగశాల (పీఆర్‌ఎల్) సహకారంతో తయారు చేసింది. కడ్డీ మీద 10 ఉష్ణోగ్రత సెన్సర్లు ఉన్నాయి, 10 సెంటీమీటర్ల వరకు దిగగలదు. సుత్తి దెబ్బలతో కాకుండా మోటారుతో మెల్లగా నెట్టే పద్ధతి దానిది. 2014లో తోకచుక్క మీద దిగిన ఫీలే అనే నౌకలోని కడ్డీ కూడా సుత్తి మీదే ఆధారపడి గట్టి మంచులోకి దిగలేకపోయిందని గుర్తుంచుకుంటే, ఈ ఎంపిక విలువ తెలుస్తుంది. 2023 ఆగస్టు 23న విక్రమ్ దిగిన నాలుగు రోజులకే ఇస్రో విడుదల చేసిన గ్రాఫు చాలామందికి గుర్తుండే ఉంటుంది: పైన యాభై డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, 8 సెంటీమీటర్ల కింద సున్నాకు పది డిగ్రీల తక్కువ. అంత కొద్ది మందంలో అంత తేడా నిలిచిందంటేనే ఆ మట్టి వాహకత ఎంత తక్కువో అర్థమవుతుంది. తర్వాత ప్రచురించిన విశ్లేషణలో, కడ్డీ దిగిన చోట నేల ఎండవైపు 6 డిగ్రీలు వాలి ఉండడంతో అక్కడ 82 డిగ్రీలు, ఒక మీటరు అవతల చదునైన చోట 59 డిగ్రీలు అని తేల్చారు. మూడు అడుగుల దూరంలో అంత తేడా. సూదిమొన గారూ, మీ కుండీలోని మూడు అంకెలను ఇక తప్పుగా చూడకండి.

సూదిమొన (జయనగర, బెంగళూరు) · పద్దెనిమిది రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 9.30

భూగర్భతీగ గారి స్థలంలో సెన్సర్లు పెట్టి పదకొండు రోజుల రీడింగులు తీశాను. పన్నెండో రోజు సాయంత్రం వాన కురిసింది, ఆ తర్వాతి రీడింగులను లెక్కలోకి తీసుకోలేదు.

సగటు రోజువారీ ఊగిసలాట 5 సెంటీమీటర్ల దగ్గర మధ్యస్థం నుంచి 6.4 డిగ్రీలు, 15 సెంటీమీటర్ల దగ్గర 1.8 డిగ్రీలు. పై సెన్సరు గరిష్ఠానికి చేరిన సుమారు 5 గంటల తర్వాత కింది సెన్సరు చేరింది. తగ్గుదలను బట్టి తరంగపు లోతు (ఊగిసలాట మూడో వంతుకు కాస్త పైన మిగిలే దూరం) 7.9 సెంటీమీటర్లు, ఆలస్యాన్ని బట్టి 7.6. రెండు వేర్వేరు దారుల్లో లెక్కించిన అంకెలు ఇంత దగ్గరగా రావడం నాకు ధైర్యాన్నిచ్చింది. అక్కడి మట్టిని ఒక డబ్బాలో తీసి తూచి, సాంద్రత 1,400 అని తేల్చాను. విశిష్టోష్ణం 850గా తీసుకుంటే, తగ్గుదల పద్ధతిలో వాహకత 0.27.

వానకు ముందే, అదే చోట, జానెడు దూరం జరుగుతూ సూదితో మూడుసార్లు కొలిచాను: 0.31, 0.36, 0.33. సూది ప్రతిసారీ ఎక్కువే చెప్పింది.

మర్రిచెట్టు (హోసకోటె) · ఆదివారం, రాత్రి 10.15

చాలా సంతోషంగా ఉంది. కానీ ఒక్క మాట. సెన్సర్ల మధ్య దూరం 10 సెంటీమీటర్లని నువ్వు గుచ్చేటప్పుడు కొలిచావు. పూడ్చిన తర్వాత మట్టి సర్దుకుంటుంది. విసరణ గుణకం ఆ దూరపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అర సెంటీమీటరు తేడా వస్తే జవాబులో 10 శాతం పోతుంది. తీసేటప్పుడు లాగకుండా, పక్క నుంచి తవ్వి, అవి ఉన్న చోటే స్కేలు పెట్టి మళ్లీ కొలువు.

సూదిమొన (జయనగర, బెంగళూరు) · మంగళవారం, సాయంత్రం 7.05

ఈ రోజు మేడమ్ స్వయంగా వచ్చి పక్కన కూర్చున్నారు. తోట పారతో పక్క నుంచి గీకుతూ చేరాం. పై సెన్సరు పెట్టిన చోటే ఉంది. కిందిది కొద్దిగా వాలి, దాని మొన 15.4 సెంటీమీటర్ల దగ్గర ఉంది. దూరం 10.4గా మార్చితే వాహకత 0.27 నుంచి 0.29కి పెరిగింది. సూదికీ ఎండకూ మధ్య తేడా తగ్గింది కానీ పోలేదు. నివేదికలో రెండు విలువలనూ, సెన్సరు వాలిన ఫొటోతో సహా పెడుతున్నాను.

భూగర్భతీగ (రాజాజీనగర, బెంగళూరు) · మంగళవారం, రాత్రి 8.40

గుంట అలాగే ఉంచమ్మా. వానలు తగ్గాక కార్తీకంలో మళ్లీ పెడదాం. ఈసారి సూదిని కూడా గుచ్చి, నెల రోజులు ముట్టుకోకుండా వదిలి, అప్పుడు హీటరు వేసి చూద్దాం.